లేటెక్స్ పరుపు, పాలిమర్ గ్రిడ్ పరుపు

స్ప్రింగు గానీ దూది గానీ లేకుండా, నొక్కితే అణిగి వదిలితే లేచే పదార్థం మీదే ఒంటి బరువంతా మోపే పరుపులు ఇవి. మొదటిది రబ్బరు పాలను నురుగుగా గిలకొట్టి గట్టిపరిచినది. రెండోది జెల్లీలాంటి ప్లాస్టిక్‌ను గళ్లుగళ్లుగా అచ్చుపోసినది. రెండింటి మధ్య ఏది కొనాలన్న ప్రశ్న మన దేశంలో 2019 తర్వాతే పుట్టింది. విశాఖపట్నం కంచరపాలెం వంటి పేటలో ఆ ప్రశ్నకు జవాబు పరుపు ఒక్కదాన్నే చూసి చెప్పలేం. అక్కడి గాలిలో తేమ, డాబా మీది ఎండ, ఇరుకు మెట్లు, రాత్రి డ్యూటీ దిగి పగలు పడుకునే మనుషులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

పేట, పాత పడకలు

కంచరపాలెం అన్న పేరు కంచు పని చేసే కంచరుల నుంచి వచ్చి ఉంటుందని ఎక్కువమంది చెబుతారు. పేరు రూపం కూడా దానికే మొగ్గుతోంది. 1933లో ఓడరేవు తెరిచాక, రైల్వే పెరిగాక ఈ చుట్టుపక్కల కార్మిక కుటుంబాలు స్థిరపడ్డాయి. 2018 నాటి ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా ఈ ఇరుకు వీధులను రాష్ట్రమంతటికీ చూపింది.

ఇక్కడి పాత పడక నులక మంచమో నవారు మంచమో, దాని మీద బొంత. కాస్త కలిగిన ఇంట్లో బూరుగు దూది పరుపు. ఏళ్లు గడిచేకొద్దీ దూది ఉండలు కడుతుంది. అప్పుడు దూదేకుల మనిషి వచ్చి కుట్లు విప్పి, దూదిని ఎండబెట్టి, ఏకుడు విల్లు తీగను కొట్టి పింజ పింజగా విడదీసి, మళ్లీ నింపి కుట్టి ఇచ్చేవాడు. ఆ తీగ మోత వీధి చివరికి వినపడేది. ఈ పనిని వృత్తిగా చేసుకున్న నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలకు తెలుగు జిల్లాలన్నిటిలో పేరుంది. పాడైతే విప్పి బాగుచేసుకోవచ్చన్నది ఆ పరుపుకున్న పెద్ద గుణం. ఇప్పుడు పోల్చుతున్న రెండింటిలో దేనికీ ఆ గుణం లేదు. కొనేటప్పుడే జాగ్రత్తపడాలనడానికి కారణం అదే.

తర్వాత కొబ్బరి పీచు పరుపు వచ్చింది. మెలితిప్పిన పీచు మీద రబ్బరు పాలు చల్లి, అచ్చులో ఒత్తి, వేడితో గట్టిపరుస్తారు. ఆ లెక్కన రబ్బరు పాలు ఈ ఇళ్లలోకి లేటెక్స్ పరుపు కన్నా ముందు కాయిర్ పరుపు రూపంలోనే చేరాయి. కర్ల్ఆన్ (1962), అలప్పుళలో మొదలైన డ్యూరోఫ్లెక్స్ (1963) ఈ తరం పేర్లు.

రబ్బరు పాల నుంచి

హీవియా చెట్టు బెరడును గాటు పెడితే కారే పాలలో రబ్బరు సుమారు మూడో వంతే ఉంటుంది. యంత్రంలో తిప్పి దాన్ని 60 శాతానికి చిక్కబరిచి, చెడకుండా అమ్మోనియా కలుపుతారు. దేశంలో ఎక్కువ పాలు కేరళవే. మన రాష్ట్రంలో మారేడుమిల్లి వైపు కొన్ని రబ్బరు తోటలున్నా అవి చిన్న పరిమాణంలోనివి.

పాలను నురుగు చేసి పరుపుగా మార్చడం ఇంగ్లండులోని డన్‌లప్ ప్రయోగశాలలో ఇ.ఎ. మర్ఫీ చేతుల మీదుగా మొదలైందని ప్రసిద్ధి. ఆయన ఇంట్లో కేకు పిండి గిలకొట్టే మిక్సరుతో మొదటి నురుగు తీశాడన్నది కంపెనీ పరంపరగా వస్తున్న కథ, అంతవరకే తీసుకోవడం మంచిది. ఏడాది విషయంలో 1928, 1929 రెండూ కనిపిస్తాయి. ఎక్కువ ఆధారాలు 1929నే చెబుతున్నాయి. గాలి కలిపిన పాలను గడ్డకట్టించే మందుతో అచ్చులో పోసి ఆవిరిలో ఉడికిస్తే వచ్చేదే డన్‌లప్ పద్ధతి లేటెక్స్. అచ్చులోని సూదులు వేడిని లోపలిదాకా తీసుకెళతాయి. పరుపు నిండా కనిపించే సన్నని రంధ్రాలు ఆ సూదులు వదిలిన గుర్తులే. గాలి ఆడడం కోసం తర్వాత చేసిన ఏర్పాటని అమ్మేవారు చెబుతుంటారు గానీ, అవి పుట్టింది తయారీ అవసరం కోసం. టాలలే పద్ధతిలో అచ్చులోంచి గాలి లాగి, నురుగును గడ్డకట్టేదాకా చల్లబరిచి, ఆపైన ఉడికిస్తారు. అది మరింత మెత్తన, మరింత ఖరీదు. మన దగ్గర దొరికేవి ఎక్కువగా డన్‌లప్ పద్ధతివి.

మాట దగ్గర ఒక చిక్కుంది. తెలుగు వాడుకలో ‘డన్‌లప్ పరుపు’ అంటే మెత్తటి స్పంజి పరుపు ఏదైనా సరే. పెట్రోలియం నుంచి తీసే పాలీయురేథేన్ ఫోమ్‌కూ అదే పేరు చెల్లుతోంది. పెద్దవాళ్లు డన్‌లప్ అంటే నిజమైన లేటెక్స్ అని అనుకోనక్కర్లేదు.

గళ్ల పరుపు

దీని పుట్టుక తేదీ మీద కూడా ఏకాభిప్రాయం లేదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో టోనీ, టెర్రీ పియర్స్ సోదరులు సంస్థ పెట్టిన 1989ని కొందరు చెబుతారు. పర్పుల్ పేరుతో పరుపు అమ్మకానికొచ్చిన 2015-16ను మరికొందరు చెబుతారు. వంగే నిలువు గోడల జెల్ దిండుకు 1998లో అక్కడి పేటెంటు దక్కింది. సాంకేతికంగా అసలు పునాది అదే కనుక ఆ ఏడాదిని పట్టుకోవడం సబబు. భారతదేశంలో 2019లో ముంబైలో ప్రియాంక, హర్షిల్ సలోత్ దంపతులు పెట్టిన ది స్లీప్ కంపెనీ ‘స్మార్ట్ గ్రిడ్’ పేరుతో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది.

పని తీరు తెలుసుకోదగ్గది. సాగే ప్లాస్టిక్‌లో ఖనిజ తైలం కలిపి పల్చటి నిలువు గోడలుగా పోస్తారు. కొంత బరువు వరకు గోడ నిటారుగా నిలుస్తుంది. ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా పక్కకు మడత పడుతుంది. ఒక పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజం, తుంటి కింద గోడలు మడత పడి దారిస్తాయి. నడుము కింద నిలబడే ఉంటాయి. లేటెక్స్ ఇలా చేయదు. ఎంత నొక్కితే అంత ఎదురు తోస్తుంది, ఆ పెరుగుదల క్రమంగా సాగుతుంది. వేలితో ఒక గడిని నొక్కి చూస్తే ఈ తేడా క్షణంలో తెలుస్తుంది. ముందు బిగువు, తర్వాత చటుక్కున జారుడు. పట్టుకుంటే పదార్థం కాస్త జిగురుగా ఉంటుంది. ఆ జిగురు తెలియకుండా చల్లే పొడి గురించి 2017లో అమెరికాలో కోర్టు వివాదం నడిచింది. పొడి హానికరం కాదన్నది పర్పుల్ కంపెనీ వాదన.

పొరల లెక్క

ఎంపికలో అసలు మోసపోయేది ఇక్కడే. ‘లేటెక్స్ పరుపు’ అని బోర్డు పెట్టినదానిలో పైన ఒక అంగుళం లేటెక్స్, కింద ఐదంగుళాల మామూలు ఫోమ్ ఉండవచ్చు. ‘గ్రిడ్ పరుపు’లోనూ గళ్ల పొర సాధారణంగా ఒకటి రెండు అంగుళాలే, అడుగంతా ఫోమే. కాబట్టి చాలా సందర్భాల్లో పోటీ లేటెక్స్‌కూ గ్రిడ్‌కూ మధ్య జరగడం లేదు. రెండు ఫోమ్ పరుపులు వేర్వేరు పైపొరలతో ఎదురెదురుగా నిలబడుతున్నాయి. పదేళ్లకు గుంత పడేది ఎక్కువగా ఆ అడుగు ఫోమే.

దుకాణంలో వినిపించే ‘డెన్సిటీ’ అన్న మాట కూడా తప్పుదోవ పట్టించగలదు. ఒక ఘనమీటరు ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పే అంకె అది. మంచి లేటెక్స్ 65 నుంచి 95 మధ్య ఉంటుంది. పాలీయురేథేన్ ఫోమ్‌లో 32, 40 అంటేనే మేలు రకం. ఇక రీబాండెడ్ అనేది ఫోమ్ తుక్కును జిగురుతో అతికి ఒత్తిన దిమ్మ, అది కూడా 80, 90 తూగుతుంది. అంకె ఒకటే, వస్తువులు వేరు. జిప్పు తీసి చూస్తే రీబాండెడ్ రంగురంగుల ముక్కల అతుకుగా కనపడుతుంది. లేటెక్స్ ఒకే పాలమీగడ రంగులో, రంధ్రాలతో, చిన్నగా రబ్బరు వాసనతో ఉంటుంది. జిప్పు లేకుండా కుట్టేసిన పరుపైతే లోపలి పొరల కోత ముక్కను చూపమనాలి. చూపలేని చోట కొనకపోవడమే మేలు.

‘సహజ’ అన్న మాటకూ పరీక్ష ఉంది. పెట్రోలియం నుంచి తయారయ్యే కృత్రిమ లేటెక్స్‌ను కలిపినా పేరు లేటెక్సే. లేటెక్స్ ఫోమ్‌కు ఐఎస్ 1741, ఇళ్లలో వాడే పాలీయురేథేన్ ఫోమ్‌కు ఐఎస్ 7933, రబ్బరు పట్టించిన కొబ్బరి పీచుకు ఐఎస్ 8391 మన ప్రమాణాలు. సేంద్రియ లేటెక్స్‌కు గోల్స్ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ ఉంది. ధ్రువీకరణ దుకాణం పేరు మీద కాక ఆ పరుపు మీదే ఉందా అన్నది చూడాలి.

ఎండ, తేమ, మెట్లు

వానాకాలం వెళ్లగానే పరుపును డాబా మీద ఎండేయడం మన అలవాటు. బూరుగు దూదికి అది ప్రాణం, లేటెక్స్‌కు అది చేటు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి, ఓజోను రబ్బరు గొలుసులను తెంచేస్తాయి. బయటపెట్టిన ముక్క ముదురు పసుపుకు తిరిగి, పైన పొలుసు కట్టి, గోటితో గీకితే పిండిలా రాలుతుంది. లేటెక్స్‌ను నీడలో గాలికి నిలబెట్టడమే పద్ధతి. గ్రిడ్ కూడా వేడికి మెత్తబడే జాతి ప్లాస్టిక్కే కనుక మే నెల డాబా దానికీ తగదు.

విశాఖలో గాలి తేమ ఏడాదిలో ఎక్కువ కాలం 70 శాతానికి అటూఇటూ ఉంటుంది. సముద్రపు ఉప్పు గాలికి స్ప్రింగు తుప్పు పట్టే భయం ఉన్నచోట ఈ రెండు పరుపుల్లోనూ ఇనుము లేకపోవడం కలిసొచ్చే విషయం. అయితే పాకెట్ స్ప్రింగుల మీద గళ్ల పొర వేసిన రకాలూ ఉన్నాయి, అవి ఈ మాటలోకి రావు. చెమట విషయంలో గ్రిడ్‌దే పైచేయి. ఖాళీ గళ్లలో గాలి కదులుతుంది, శ్లాబు వేడెక్కిన పై అంతస్తులో పగటి నిద్రపోయేవారికి ఆ తేడా తెలుస్తుంది. లేటెక్స్ మామూలు ఫోమ్ అంత ఉడకబెట్టదు గానీ గ్రిడ్ అంత చల్లగానూ ఉండదు.

మంచం మాట చాలామంది మరిచిపోతారు. కింద సామాన్ల పెట్టె ఉన్న ప్లైవుడ్ బాక్సు మంచం మీద ఏ పరుపు వేసినా అడుగున గాలి ఆడక బూజు పడుతుంది. పట్టీల మంచమో, కనీసం ప్లైవుడ్‌కు అక్కడక్కడా రంధ్రాలో ఉండాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి తుపానులో ఇంట్లోకి నీళ్లొస్తే బూరుగు పరుపును విప్పి ఆరబెట్టవచ్చు. ఆరంగుళాల లేటెక్స్ దిమ్మ లోపలికంటా ఆరడం మాత్రం చాలా కష్టం. నేల మీద పరుపు వేసుకునే ఇళ్లకు ఈ సంగతి ముఖ్యం.

బరువు కూడా చిన్న విషయం కాదు. 78 అంగుళాల పొడవు, 72 వెడల్పు, 6 మందం ఉన్న పూర్తి లేటెక్స్ పరుపు 80 సాంద్రతకు సుమారు 44 కిలోలు తూగుతుంది. అది వంగి జారిపోయే బరువు, పట్టుకోవడానికి అంచు దొరకదు. కంచరపాలెం పాత ఇళ్ల మలుపు మెట్ల మీద ఇద్దరు మనుషులకు కష్టమే. రెండు ముక్కలుగా చేయించి ఒకే తొడుగులో వేసుకోవడం ఒక దారి.

ఎవరికి ఏది

రబ్బరు గ్లౌజులు, బెలూన్లు తగిలితే దురద, దద్దుర్లు వచ్చేవారు సహజ లేటెక్స్ జోలికి పోకుండా వైద్యుణ్ణి అడగాలి. బాగా కడిగిన లేటెక్స్‌లో అలర్జీ కలిగించే ప్రోటీన్లు తగ్గుతాయి, పూర్తిగా పోతాయని చెప్పడం తొందరపాటు. వీరికి, ఒక పక్కకు తిరిగి పడుకుని భుజం నొప్పి పడేవారికి, పగటి నిద్ర తప్పనివారికి గ్రిడ్ నప్పుతుంది. వెల్లకిలా పడుకునేవారికి, బరువైనవారికి, పరుపును ఎక్కువ ఏళ్లు ఉంచదలిచినవారికి పూర్తి లేటెక్స్ మేలు. దాని వెనక తొంభై ఏళ్లకు పైబడిన వాడకం ఉంది. మన వేడిలో గ్రిడ్ పదిహేనేళ్లు ఎలా నిలుస్తుందో చూపే వాడకం ఇంకా పోగవలేదు. ఆ కారణంగా, స్తోమత ఉండి అలర్జీ లేని కుటుంబానికి మొదట చూడదగింది పూర్తి లేటెక్సే. స్తోమత చాలనప్పుడు అంగుళం లేటెక్స్ పూతకు డబ్బు పోయడం కన్నా మంచి కాయిర్ పరుపు నయం.

వారంటీ కాగితం కొనక ముందే చదవాలి. చాలావాటిలో అంగుళమో ఒకటిన్నర అంగుళమో దాటి గుంత పడితేనే లెక్క, మరక పడితే వారంటీ చెల్లదు. బిల్లు మీద పరుపు పేరు ఒక్కటే కాక, లోపల ఏ పొర ఎన్ని అంగుళాలో, ఒక్కో పొర సాంద్రత ఎంతో, లేటెక్స్ సహజమో మిశ్రమమో దుకాణదారు చేతే రాయించుకోండి.