రైఫిల్ బారెల్ విప్పించాలా? పైపు పానా పెడితే యాక్షన్ ఖతమే.. ఏ పనిముట్టు వాడాలంటే..

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో లైసెన్స్ రైఫిల్ ఉన్నవాళ్లు ఇది ఒకసారి చదవాలి. బారెల్ అరిగిందనో, తుప్పు పట్టిందనో దగ్గర్లోని లేత్ షాపుకు తీసుకెళ్తే నష్టం రెండు రకాలు. రైఫిల్ పాడవుతుంది, కేసూ అవుతుంది.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేర్ చేయాలన్నా లైసెన్స్ ఉండాల్సిందే. లేకుండా చేస్తే సెక్షన్ 25 కింద కనీసం 7 ఏళ్ల జైలు.. యావజ్జీవం దాకా పడొచ్చు. విడి బారెల్ కూడా చట్టం దృష్టిలో ఫైర్ ఆర్మే. విప్పిన పాత బారెల్‌ను ఇంట్లో అటక మీద పడేస్తామంటే కుదరదు.

లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లారనుకుందాం. ఆయన ఏ పనిముట్టు తీస్తున్నాడో చూడండి.

బారెల్ వెనక కొసను మరలతో యాక్షన్‌లోకి గట్టిగా బిగిస్తారు. ఏళ్లు గడిస్తే తుప్పుతో ఇంకా బిగుసుకుపోతుంది. విప్పాలంటే బారెల్‌ను కదలకుండా పట్టి, యాక్షన్‌ను తిప్పాలి. యాక్షన్‌ను ఎక్కడ పట్టుకున్నారన్నదే అసలు పాయింట్.

బారెల్‌కు మామూలు బెంచి వైస్ పనికిరాదు. రెండు వైపులే నొక్కుతుంది.. జారితే గీతలు, నొక్కులు. బారెల్ వైస్ అయితే బారెల్ సైజుకు తగ్గ అల్యూమినియం లేదా చెక్క బుష్‌తో చుట్టూ పట్టుకుంటుంది. జారకుండా రోజిన్ పొడి చల్లుతారు.

యాక్షన్‌కు మాత్రం యాక్షన్ రెంచే కావాలి. మరలు ఉండే ముందు రింగును, దాని ఆకారానికి సరిపోయేలా బయటి నుంచి పట్టుకునే రకం మేలు. వెనక నుంచి లోపలికి దూర్చే రకమూ ఉంది. ఇది కొన్ని మోడళ్లకే సెట్ అవుతుంది. బోర్ మోటారు పైపులు విప్పే పైపు పానా పెట్టారో.. పళ్లు దిగబడతాయి, రింగు నొక్కుకుపోతుంది. వెనక భాగాన్ని పట్టి తిప్పితే యాక్షన్ మొత్తం మెలి తిరుగుతుంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే .315 స్పోర్టింగ్ రైఫిల్ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. దీని యాక్షన్ పాత లీ-ఎన్‌ఫీల్డ్ తరహాది. గోడలు పల్చన. పైగా బోల్ట్ లాక్ అయ్యేది వెనక వైపు. అంటే యాక్షన్ కాస్త మెలి తిరిగినా, తూటా పేలినప్పుడు ఆ దెబ్బను ఆపాల్సిన లగ్గులు సరిగ్గా ఆనవు. బారెల్ పోతే ఇంకోటి వేయొచ్చు.. యాక్షన్ పోతే రైఫిలే పోయినట్టు.

రాకపోతే? మరల దగ్గర పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయాలి. బారెల్ ఎలాగూ పనికిరానిదైతే, యాక్షన్‌కు ఆనుకునే అంచు దగ్గర లేత్‌పై సన్నగా కోత పెడతారు. బిగువు తగ్గి తేలిగ్గా వస్తుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టనివ్వొద్దు. ఉక్కుకు ఇచ్చిన గట్టిదనం పోతుంది, అది పైకి కనిపించదు కూడా.

బయల్దేరే ముందు ఎవరిని అడగాలి? జనగామ వాళ్లకు వరంగల్ పోలీస్ కమిషనరేట్.. మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లకు కలెక్టరేట్. హైదరాబాద్‌కు తీసుకెళ్లేటట్టయితే లైసెన్స్‌లో రాసిన ఏరియా చూసుకోండి.

బారెల్ తిరిగి బిగించాక హెడ్‌స్పేస్ చెక్ తప్పనిసరి. 'గో' గేజ్ పెడితే బోల్ట్ మూసుకోవాలి, 'నో-గో' పెడితే మూసుకోకూడదు. మీ ముందే చేయించుకోండి.