మూతల్లేని బేస్

పెట్టె మూత లేవగానే ముందు ముక్కుకు తగిలేది కలరా ఉండల వాసన. దాని వెనకే తుప్పు. చెన్నై సాలిగ్రామంలో రెండో అంతస్తు ఫ్లాటు, మిట్టమధ్యాహ్నం. కిటికీలన్నీ తీసే ఉన్నాయి, గాలి మాత్రం రావడం లేదు. నెత్తిమీద ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. దివాను మీద పరిచిన పాత దుప్పట్లో నల్లటి పెట్టె, దాని లోపల నారింజ రంగు మఖమలు. ఆ మఖమల్లో ఒక ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్ పడుకుని ఉంది. అంచుల్లో నలుపు, లోపలికి వచ్చేకొద్దీ ఎరుపు, నడుమ తేనెరంగు.

"నిదానంగా చూసుకో నాయనా," అంటోంది పెద్దావిడ, మజ్జిగ గ్లాసు స్టూలు మీద పెడుతూ. మద్రాసు వచ్చి యాభై ఏళ్లయినా నెల్లూరు యాస పోలేదు. "ఆయన పోయిన కాడి నుంచి దీన్ని ఎవురూ ముట్టలా."

ఆయన సినిమా ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవారు. తెలుగు పాటలు కూడా ఇక్కడే, ఈ వీధులకు కూతవేటు దూరంలోనే రికార్డయిన రోజులవి. గాయకులూ వాద్యకారులూ అందరూ ఒకేసారి కూర్చుని టేపు మీదికి వాయించాలి. ఒక్కరు తడబడితే మళ్లీ మొదటి నుంచి. పాట విన్నవాళ్లకు వయొలిన్లు గుర్తుంటాయి, వేణువు గుర్తుంటుంది. అడుగున బేస్ వాయించినవాడి పేరు క్యాసెట్ అట్ట మీద కూడా ఉండేది కాదు. ఇళయరాజా పాటలు వచ్చాకే మామూలు శ్రోతకు కూడా ఆ వాద్యం విడిగా వినిపించింది.

రెండు చేతులతో ఎత్తుతాను. నాలుగు కిలోల పైమాటే. మెడను కంటికి ఆనించి, తుపాకీ గురి చూసినట్టు చివరిదాకా చూస్తాను. కొంచెం వంగింది, మెలి మాత్రం తిరగలేదు. ఊపిరి పీలుస్తాను. మెలి తిరిగితే ఇక్కడే నమస్కారం పెట్టి లేవాల్సి వచ్చేది.

ఇక లేనివి. తీగల శబ్దం అందుకునే పికప్ మీద ఉండాల్సిన క్రోమ్ మూత లేదు, స్క్రూ కన్నాలు మాత్రం ఉన్నాయి. బ్రిడ్జి మీది మూత లేదు. సన్న తీగ కింద వేళ్లు ఆనించుకునే చిన్న కడ్డీ లేదు, దాని కన్నాలూ బోసిగా ఉన్నాయి. ఇవి పోవడంలో వింతేమీ లేదు. లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఈ వాద్యాన్ని బయటికి తెచ్చినప్పుడు, బొటనవేలితో మీటుతూ మిగతా వేళ్లు ఆ కడ్డీకి పట్టిస్తారని అనుకున్నాడు. వాయించేవాళ్లు చూపుడువేలూ నడిమివేలూ వాడారు. మూతలు చేతికి అడ్డమొచ్చాయి, ఊడదీసి పారేశారు. బ్రిడ్జి మూతకు యాష్‌ట్రే అనే పేరు ఊరికే రాలేదు.

అసలు బెంగ పెట్టేవి వేరే ఉన్నాయి. నాలుగు బిరడల్లో ఒకటి దీనిది కాదు. మిగతా మూడూ ఏనుగు చెవుల్లా వెడల్పుగా ఉంటే అది చిన్నగా, వంకరగా, ఎక్కడో మామూలు గిటార్ నుంచి వలస వచ్చినట్టుంది. వాల్యూమ్ నాబ్ స్థానంలో పాత రేడియో నాబ్. బ్రిడ్జిలో నాలుగు తీగలకు శాడిల్స్ అనే చిన్న ఉక్కు గొట్టాలు నాలుగుండాలి, మూడే ఉన్నాయి. రెండో తీగ ఒక అరిగిపోయిన బోల్టు ముక్క మీద కూర్చుంది.

బ్రిడ్జికి ఆనించి తీగల కిందికి దోపిన నీలం రంగు ముక్క ఒకటి కనిపిస్తుంది. స్పాంజి అనుకుని వేలితో నొక్కుతాను. గట్టిగా ఉంది. హవాయి చెప్పు అట్ట, బ్లేడుతో సాపుగా కోసింది.

"అదా," పెద్దావిడ నవ్వుతుంది. "నా చెప్పే నాయనా. జత పాడైపోయిందని ఎంత అరిచానో."

ఫెండర్ వాళ్లు బ్రిడ్జి మూత లోపల స్పాంజి అంటించి పంపేవారు. తీగ ఎక్కువసేపు మోగకుండా, దెబ్బ తగిలి ఆగిపోయేలా. డెట్రాయిట్‌లో ఎన్నో మోటౌన్ పాటలకు అడుగు కట్టిన జేమ్స్ జేమర్‌సన్ ఆ మూత తీయనే లేదు, తీగలూ మార్చేవాడు కాదు. ఆయన వాయించిన 1962 ప్రెసిషన్‌ను 1983లో, ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, దొంగలెత్తుకుపోయారు. మూత తీసేసిన సాలిగ్రామం మనిషికి మాత్రం ఆ మొద్దు శబ్దం కావాల్సి వచ్చింది. ఇంట్లో చెప్పు దొరికింది.

వెంట తెచ్చిన బుల్లి ఆంప్లిఫయర్‌కు తగిలిస్తాను. జుమ్మ్‌మని హోరు. ఫ్యాన్ రెగ్యులేటర్ వైపు తిప్పితే పెరుగుతోంది, గోడ వైపు తిప్పితే తగ్గుతోంది. లావు తీగ మీటితే పలుకుతుంది, దాని పక్కదీ పలుకుతుంది. సన్న తీగలు రెండూ పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టున్నాయి.

రోగం దొరికింది. 1957 నుంచి ఈ బేస్‌లో పికప్ రెండు ముక్కలు. లావు తీగలు రెంటికీ ఒకటి, సన్న తీగలు రెంటికీ ఒకటి. రెండింటి అయస్కాంతాలూ ఒకదానికొకటి తలకిందులుగా, చుట్లూ ఎదురెదురుగా ఉంటాయి. అందువల్ల తీగల శబ్దం కలుస్తుంది, గాల్లోంచి వచ్చే కరెంటు హోరు ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. రెండూ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే మొత్తం మూగబోవాలి. ఇది మూగబోలేదంటే ఎవరో చచ్చిన ముక్కను దాటవేస్తూ ఒక వైరు ముక్క టంకం పెట్టి ఉండాలి. ఆ పూట రికార్డింగ్ ఆగకూడదని చేసిన పని.

బేరం డాలస్‌లో ఉన్న కొడుకుతో, స్పీకర్ ఫోన్లో. అక్కడ అర్ధరాత్రి దాటింది.

"అన్నా, నేను ఆన్‌లైన్లో చూశాను. అదే సంవత్సరం, అదే కలర్..."

"అది అన్నీ ఉన్నది బాబూ. ఇందులో బిరడ లేదు, ఒక శాడిల్ లేదు, సగం పికప్ పోయింది, మూతలు లేవు."

"మూతలకే అక్కడ అంత రేటుందన్నా. వాటికి ఎంత తగ్గిస్తామో చెప్పు."

పెద్దావిడ ఫోన్ దగ్గరికి వంగుతుంది. "ఒరే, మీ నాయన వాయించింది ఆ మూతలతోనా?"

అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత ధర కుదిరింది. ఎంతకని అడక్కండి. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

విజయవాడ తిరిగొచ్చాను. మేడ మీద గది. టేబుల్ మీద తువ్వాలు పరిచి, మెడ విప్పుతున్నాను. వెనక ఇనప పలక మీద పెద్ద ఎఫ్ అక్షరం, దాని పైన నంబరు. నాలుగు స్క్రూల్లో మూడు తిరిగాయి, నాలుగోది సముద్రపు గాలికి చెక్కను కరుచుకుపోయింది. బలం వాడితే తల అరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఆనించి ఉంచుతాను. వేడికి లోహం సాగుతుంది, చల్లారితే కుంచించుకుంటుంది, తుప్పు పట్టు వదులుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ముందు బిగించే వైపు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు. టిక్కుమంది.

మెడ మడమ మీద సిరాముద్ర: నెల, 69, చివర బి అక్షరం. బి అంటే తీగలు తలకు చేరే నట్ దగ్గర మెడ వెడల్పు అంగుళం ఐదు బై ఎనిమిది. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగే కంట్రోల్ పాట్ల వెనక మాత్రం 137తో మొదలై తర్వాత 66 ఉన్న అంకెలు. 137 అంటే సీటీఎస్ కంపెనీ, 66 తయారైన ఏడు. పాట్లు వేరే గిటార్‌వని గాభరా పడక్కర్లేదు. 1965లో సీబీఎస్ సంస్థ 1 కోటీ 30 లక్షల డాలర్లిచ్చి ఫెండర్‌ను కొన్నాక, 1966లో పాట్లు గుట్టలుగా తెప్పించారు. దశాబ్దం చివరిదాకా ఆ నిల్వే వాడారు. పాట్ల మీది తేదీ గిటార్ అంతకంటే ముందుది కాదని చెబుతుంది, అంతే.

వేళ్లు ఆడే పలకను తడిగుడ్డతో తుడుస్తుంటే నల్లటి జిడ్డు కింద ఊదా చారలు తేలుతున్నాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై 1960ల మధ్య నుంచి ఫెండర్ ఇండియన్ రోజ్‌వుడ్‌కు మారింది. మన జిట్టేగి. దక్షిణాది అడవిలో పుట్టి, కాలిఫోర్నియా వెళ్లి, మెడకు అతుక్కుని, మద్రాసు తిరిగొచ్చిన చెక్క ఇది. ఎవరి చేతి సంచిలో, ఏ ఓడలో వచ్చిందో పెద్దావిడకు గుర్తు లేదు. సింగపూర్ అని మాత్రం అంది.

టోన్ పాట్ దగ్గర అసలు కెపాసిటర్ లేదు. దాని చోట మన రేడియో షాపుల్లో దొరికే పచ్చటి మైలార్ బిళ్ల, దాని మీద 104. అంటే 0.1 మైక్రోఫారడ్. కంపెనీ పెట్టింది 0.05. ఇది ఉంటే టోన్ తగ్గించినప్పుడు శబ్దం ఇంకా మెత్తబడుతుంది. విడిభాగాల పిచ్చి ఉన్నవాళ్లు నన్ను తిడతారు గానీ, దీన్ని తీయను. చెప్పు అట్ట, ఈ బిళ్ల, రెండూ ఒకే చెవి కోరుకున్నవి.

బోల్టు ముక్క మాత్రం పోవాల్సిందే. ఆటోనగర్‌లో లారీ చాసిస్‌ల మధ్య, వెల్డింగ్ మెరుపులకు కళ్లు పక్కకు తిప్పుకుంటూ, ఒక లేత్ షాపు మెట్లెక్కుతాను. మిగిలిన మూడు శాడిల్స్‌లో ఒకటి బల్ల మీద పెడతాను. లేత్ బాబాయ్ కళ్లజోడు నుదుటి మీంచి దించుతాడు.

"ఏంటి మాస్టారూ ఇది, కార్బురేటర్ జెట్టా?"

"గిటార్‌ది బాబాయ్. ఇలాంటిది ఇంకోటి కావాలి."

వెర్నియర్‌తో కొలుస్తాడు. చిన్న స్క్రూ ఒకటి వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది ఎమ్ఎమ్ మర కాదు, అంగుళాల మర. పాత జీపులకుండేది," అంటాడు. బోల్టు ముక్క చూసి పెదవి విరుస్తాడు. దాంట్లో ఎవరో ఎమ్ఎమ్ స్క్రూ బలవంతంగా ఎక్కించారు. డబ్బా తీసి, అడుగున వెతికి, అంగుళాల ట్యాప్ పట్టుకొస్తాడు. లేత్ మీద ఉక్కు కడ్డీ తిరుగుతోంది, నీలం రంగు పొట్టు చుట్టలు చుట్టలుగా నేల మీద రాలుతోంది. గాడి పెట్టి, మూడు కన్నాలు తొలిచి, మర కోసి, నూనె గుడ్డతో తుడిచి నా అరచేతిలో వేస్తాడు. ఇంకా వెచ్చగా ఉంది.

మిగిలింది పికప్. చచ్చిన ముక్కను తువ్వాలు మీద బోర్లించి భూతద్దంలో చూస్తున్నాను. తీగ బయటి కొస తెగితే ఒక చుట్టు విప్పి మళ్లీ టంకం పెడితే సరిపోతుంది. అది గట్టిగానే ఉంది. మల్టీమీటర్ ముల్లు ఆనిస్తే అంకె రాదు. లోపలే తెగింది. ఎక్కడో కూడా తెలుస్తోంది: ఒక అయస్కాంతపు కడ్డీ చుట్టూ ఎర్రటి పొడి. ఫెండర్ పికప్‌లో మధ్యన బాబిన్ ఉండదు, రాగి తీగను నేరుగా లక్క పూసిన అయస్కాంతాల మీదే చుట్టేవారు. లక్క వదిలిన చోట ఉప్పుగాలి తగిలి తుప్పు పట్టింది, ఆ తుప్పు ఉబ్బి తీగను తిన్నది. మళ్లీ చుట్టాల్సిందే.

నేను వెళ్లిన వైండింగ్ షాపులో ఫ్యాన్ మోటార్లు, మిక్సీ మోటార్లు, బోరు మోటార్లు నేల మీద పొర్లుతున్నాయి. కుర్రాడు ముక్కను గోటితో గీకి చూస్తాడు.

"ఎన్నో నంబరు వైరన్నా?"

"నలభై రెండు."

"నలభై రెండు మన దగ్గరుంది. కానీ ఇది చూడు, ఇంకా సన్నం." పాత తీగ కొస తీసి మైక్రోమీటర్ మధ్య పెడతాడు. "నీది అమెరికా గేజ్ అయ్యుంటది. మన ఎస్‌డబ్ల్యుజీలో ఇది నలభై ఆరు."

నిజమే. అమెరికా లెక్కలో 42 అంటే 0.063 మిల్లీమీటర్లు. మన బజారు లెక్కలో 42 అంటే 0.1 మిల్లీమీటర్లు. ఆ వైరు చుట్టి ఉంటే సగం చుట్లకే పికప్ ఉబ్బి మూతలో పట్టేది కాదు. ఇంటర్నెట్ చదివి వచ్చిన నాకు అడ్డం పడింది పదో తరగతి కూడా పూర్తి చేయని కుర్రాడి వేళ్లు.

పాత తీగ విప్పుతూ ఏ వైపు తిరిగిందో కాగితం మీద బాణం గుర్తు వేస్తాడు. దిక్సూచితో అయస్కాంతం పై కొస ఏ దిక్కో చూసి అదీ రాస్తాను. ఈ రెంటిలో ఏ ఒక్కటి తారుమారైనా రెండు ముక్కలకూ పొత్తు కుదరదు. తుప్పు గీకి, అయస్కాంతాలకు కొత్తగా లక్క పూసి ఆరబెడతాం. తర్వాత మిషన్ మీద కౌంటర్ సున్నాకు తిప్పి, రెండు వేళ్ల మధ్య వెల్వెట్ ముక్కతో తీగ పట్టుకుంటాడు. గట్టిగా పట్టుకుంటే తెగుతుంది, వదులైతే చుట్లు ఉబ్బుతాయి. కౌంటర్ పరుగెడుతోంది. బయట మిక్సీ కోసం వచ్చినామె "ఎంతసేపబ్బాయ్" అని అరుస్తోంది. కుర్రాడు తల తిప్పడు. పదివేల దగ్గర ఆపుతాడు. మీటర్ ఐదున్నర కిలో ఓమ్‌లు చూపిస్తోంది, బతికున్న జోడు ముక్కకు కాస్త అటూ ఇటుగా.

బిరడ కొత్తది తెప్పించాను, పాత నమూనాలోనే తయారైనది. మూడు మసకబారిన చెవుల పక్కన ఇదొక్కటి పెళ్లికొడుకులా మెరుస్తోంది. యాసిడ్ ఆవిరి పట్టించి, ఇసుక కాగితంతో గీకి పాతదానిలా చేసే విద్య ఉంది. దాన్ని నేను మోసం కిందే లెక్కేస్తాను. కొత్తది కొత్తగానే ఉండనీ. రేడియో నాబ్ కూడా ఉండనిచ్చాను. కన్నాలు పూడ్చలేదు, రంగు ముట్టలేదు.

నున్నటి చుట్టు ఉన్న తీగలు, 45 నుంచి 105 దాకా, ఎక్కించాను. బిగువుకు మెడ వంగుతుంది. సరిచేసే ట్రస్ రాడ్ నట్టు మడమలో దాక్కుని ఉంటుంది కాబట్టి ప్రతిసారీ తీగలు వదిలి, మెడ విప్పి, పావు చుట్టు తిప్పి, మళ్లీ బిగించాలి. ఈ ఏర్పాటు పెట్టినవాణ్ణి పైకే తిట్టుకుంటూ మళ్లీ విప్పుతాను.

ఆంప్లిఫయర్ ఆన్. ఫ్యాను ఐదులో పెడతాను, రెగ్యులేటర్ పక్కనే నిలబడతాను. హోరు లేదు. సన్న తీగ మీటితే గది కిటికీ అద్దం టక్కుమంటుంది. చెప్పు అట్ట లేకుండా మీటితే స్వరం చాలాసేపు సాగుతోంది, ఉంటే టుమ్మని పడి ఆగిపోతోంది. అట్ట ఉంచేస్తాను.

కింద నుంచి ఫోన్ మోగుతోంది. మా ఆర్కెస్ట్రా కీబోర్డు వాడు. "గురూ, ఆదివారం గుడివాడ రిసెప్షన్. కొత్త బేస్ తెస్తున్నావా, పాతదా?"

"పాతదే. రెండు స్పేర్ కేబుళ్లు పెట్టుకో, సాకెట్ ఇంకా వదులుగానే ఉంది."