ది డాట్ అండ్ ది లైన్

"ది డాట్ అండ్ ది లైన్: ఎ రొమాన్స్ ఇన్ లోయర్ మ్యాథమేటిక్స్" 1965లో విడుదలైన అమెరికన్ హాస్య యానిమేషన్ లఘుచిత్రం. ఈ పేరుకు "బిందువు, రేఖ: ప్రాథమిక గణితంలో ఒక ప్రేమకథ" అని అర్థం చెప్పవచ్చు. సుమారు 10 నిమిషాల నిడివి గల ఈ చిత్రానికి చక్ జోన్స్ దర్శకుడు, మారిస్ నోబుల్ సహదర్శకుడు. ఎం.జి.ఎం. సంస్థ దీనిని విడుదల చేసింది.

నేపథ్యం

వాస్తుశిల్పి, రచయిత అయిన నార్టన్ జస్టర్ 1963లో ఇదే పేరుతో ప్రచురించిన పుస్తకం ఈ చిత్రానికి ఆధారం. పుస్తకం ఉపశీర్షిక ఎడ్విన్ ఎబట్ 1884లో రచించిన "ఫ్లాట్‌లాండ్: ఎ రొమాన్స్ ఆఫ్ మెనీ డైమెన్షన్స్" అనే గ్రంథం పేరును గుర్తుకు తెస్తుంది. ఆ కాలంలో చక్ జోన్స్ ఎం.జి.ఎం. కోసం టామ్ అండ్ జెర్రీ చిత్రాలు కూడా రూపొందిస్తూ ఉండేవాడు.

కథ

ఒక సరళరేఖ ఒక బిందువును ప్రేమిస్తాడు. ఆమె మాత్రం అదుపు లేకుండా తిరిగే ఒక పిచ్చిగీతపై మనసు పడుతుంది. సరళరేఖ బిగుసుకుపోయినవాడనీ, సరదా తెలియనివాడనీ ఆమె అభిప్రాయం. ఆమెను మరచిపోయి మరొక సరళరేఖను చూసుకోమని మిత్రులు హితవు చెబుతారు. అతడు వినడు. తనను సాహసవీరుడిగా, క్రీడాకారుడిగా ఊహించుకొని తృప్తి పడతాడు. కాని ఆ ఊహల వల్ల బిందువు మనసు మారదు.

చివరకు ఎంతో ఏకాగ్రతతో ప్రయత్నించగా అతడు ఒక చోట వంగి కోణంగా మారగలుగుతాడు. ఆ ఉత్సాహంలో ఇష్టం వచ్చినట్లు వంగి చిక్కుముడిలా తయారవుతాడు. స్వేచ్ఛ అంటే గందరగోళం కాదని అప్పుడు గ్రహిస్తాడు. క్రమశిక్షణతో సాధన చేసి చతురస్రాలు, త్రిభుజాలు, దీర్ఘవృత్తాలు, క్లిష్టమైన వక్రరేఖలు రూపొందించడం నేర్చుకుంటాడు. వాటిని చూసిన బిందువు సందిగ్ధంలో పడుతుంది. పిచ్చిగీతను కూడా తన ప్రతిభ చూపమని అడుగుతుంది. అతడి వద్ద చూపడానికి ఏమీ ఉండదు. ఇంతకాలం తాను స్వేచ్ఛ అనుకున్నది కేవలం అస్తవ్యస్తత అని తెలుసుకొని ఆమె సరళరేఖతో వెళ్ళిపోతుంది.

విశేషాలు

పాత్రలకు ముఖాలు గాని, సంభాషణలు గాని లేవు. ఆశ, నిరాశ, అసూయ వంటి భావాలన్నీ ఆకారాల కదలిక ద్వారాను, బ్రిటిష్ నటుడు రాబర్ట్ మోర్లీ వ్యాఖ్యానం ద్వారాను తెలుస్తాయి. ఒక గీత పడే విరహాన్ని గంభీరమైన కంఠంతో వర్ణించడమే ఇందులోని హాస్యానికి మూలం. చిత్రాంతంలో చెప్పే నీతి "విక్టర్" (విజేత), "వెక్టర్" (సదిశ) అనే పదాల పోలికపై ఆధారపడిన శ్లేష. సంగీతం యూజీన్ పొడానీ సమకూర్చాడు.

చిత్రంలో సరళరేఖ తన స్వభావాన్ని వదులుకోడు. ప్రత్యర్థిని అనుకరించకుండా, తనకు సహజమైన క్రమాన్నే కొత్త రూపాలలోకి మలచుకొని ప్రేమను గెలుచుకుంటాడు.

పురస్కారాలు

1965 సంవత్సరానికి ఉత్తమ కార్టూన్ లఘుచిత్రంగా ఆస్కార్ పురస్కారం లభించింది. 1966 ఏప్రిల్‌లో జరిగిన ఉత్సవంలో నిర్మాతలు చక్ జోన్స్, లెస్ గోల్డ్‌మన్‌లకు ఈ పురస్కారం ప్రకటించారు. 1966లో కాన్ చలనచిత్రోత్సవంలో లఘుచిత్రాల పోటీలో కూడా ఈ చిత్రం పాల్గొన్నది.

జస్టర్ రచించిన "ది ఫాంటమ్ టోల్‌బూత్" నవల ఆధారంగా 1970లో విడుదలైన చిత్రానికి కూడా చక్ జోన్స్ దర్శకులలో ఒకడు.