కాగితం కన్నా తక్కువ చోటు

ఒక ఏ-4 కాగితం నేల మీద పెట్టి చూడండి. అది సుమారు 624 చదరపు సెంటీమీటర్లు. 2003 నుంచి 2011 చివరి దాకా ఐరోపా చట్టం బోనులో ఒక్కో కోడికి ఇమ్మన్న చోటు 550. అంతకు ముందు 450.

లెస్టర్‌లో మా పెరట్లో ఇప్పుడు మూడు కోళ్ళున్నాయి. గుడిలో సేవ చేసే ఆవిడకి కోళ్ళెందుకు అని అడుగుతారు.

బ్రిటన్‌లో ఈ బోనుల సంగతి జనానికి గట్టిగా చెప్పింది రూత్ హారిసన్. 1964లో 'యానిమల్ మెషీన్స్' అనే పుస్తకం రాశారు. ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీని వేసింది. జంతువు లేవాలి, పడుకోవాలి, వెనక్కి తిరగాలి, ఒళ్ళు శుభ్రం చేసుకోవాలి, కాళ్ళు చాపుకోవాలి అని 1965లో ఆ కమిటీ చెప్పింది. అంతే అడిగింది! ఖాళీ బోనులు వద్దనే చట్టం 1999లో వచ్చింది, పూర్తిగా అమలైంది 2012 జనవరి 1న. అప్పుడు కూడా కర్ర, గూడు పెట్టిన 750 సెంటీమీటర్ల బోనులకు అనుమతి ఉంది.

మావి అలాంటి బోనుల్లోంచే వచ్చాయి. సుమారు 72 వారాలకి గుడ్లు తగ్గుతాయి, ఫారం వాళ్ళు తీసేస్తారు. అలాంటివాటికి ఇళ్ళు వెతికే సంస్థ ఒకటి 2005లో డెవన్‌లో మొదలైంది.

వచ్చిన రోజు వాటి మెడ మీద ఈకలు లేవు, తల మీది జుట్టు పాలిపోయింది. పెట్టె తెరిచాను. పెరడంతా వాటిదే, కానీ మూడూ ఒక మూల ఒకదానికొకటి అతుక్కుని నిలబడ్డాయి. గడ్డి మీద కాలు పెట్టడానికి రెండు రోజులు పట్టింది. (ఇక్కడ వీగన్ కాని వంటింట్లో మిగిలింది కోళ్ళకు పెట్టకూడదని చట్టం. మా గుడి దద్దోజనం కూడా పనికిరాదు.)

మూడో వారం ఒక కోడి మట్టిలో పడి కొట్టుకుంటోంది. చచ్చిపోతోందని పరుగెత్తాను. పొరుగింటావిడ నవ్వింది. స్నానం చేస్తోందట! మా అమ్మమ్మ కోళ్ళు మునగచెట్టు కింద అలాగే పొర్లేవి, మరిచిపోయాను. 'పొర్లడం' అనే మాట నాకు గుడిలో పొర్లుదండాల వల్లే తెలుసు.

పిల్లల పుట్టినరోజు కేకులకి ఏళ్ళ తరబడి చవక గుడ్లే కొన్నాను. 2004 నుంచి గుడ్డు మీద మొదటి అంకె 3 ఉంటే బోను కోడిది అని అర్థం. ఒక్కసారి కూడా చదవలేదు.

రెండు కోళ్ళు ఇప్పుడు చీకటి పడగానే కర్ర ఎక్కుతున్నాయి. మూడోది నేల మీద మూలలోనే ముడుచుకుంటుంది. రోజూ నేనే ఎత్తి కర్ర మీద పెడుతున్నాను.