చెడగొట్టుకోవడానికి ఒక కంప్యూటర్

మన బడికి బీబీసీ మైక్రోలు వచ్చిన రోజులు మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద వచ్చాయవి. చెప్పులు బయట విడిచి, ఒక్కో యంత్రం ముందు నలుగురం కూర్చునేవాళ్లం. మీట నొక్కాలంటే భయం. పాడైతే నాన్న ఏడాది జీతం కూడా చాలదని ఎవరో అన్నారు, అందరం నమ్మేశాం.

ఆ భయాన్ని ధరతోనే పోగొట్టాలని అప్పటికే ఇంగ్లండులో ఒకాయన చూశాడని నాకు ఇంజనీరింగ్‌లో చేరాక తెలిసింది. కేంబ్రిడ్జిలోని క్లైవ్ సింక్లెయిర్ 1980లో జెడ్‌ఎక్స్80ని 99.95 పౌండ్లకు అమ్మాడు. మరుసటి ఏడాది వచ్చిన జెడ్‌ఎక్స్81 ఖరీదు 69.95. విడిభాగాలు కొని ఇంట్లో సోల్డరింగ్ చేసుకుంటే 49.95కే వచ్చేది.

అంత చవగ్గా ఎలా? ఏది లేకపోయినా నడుస్తుందో అదల్లా తీసేశారు. మానిటర్ బదులు ఇంట్లో టీవీ. డిస్కు బదులు పాటలు వినే క్యాసెట్ రికార్డరు. మీటలు ప్లాస్టిక్ పొర మీద అచ్చువేసిన గళ్లు మాత్రమే. మెమరీ 1 కిలోబైటు; ఈ వ్యాసంలో రెండు పేరాలు అందులో పట్టవు. తెర మీద బొమ్మ చూపడానికి వేరే చిప్ కూడా లేదు, ఆ పనీ జెడ్80 ప్రాసెసరుదే. అందుకని జెడ్‌ఎక్స్80లో ప్రోగ్రాం నడిచినంతసేపూ తెర ఖాళీ. వంటవాడే వడ్డించే ఇంట్లో కూర ఉడికేదాకా విస్తరి ఖాళీగా ఉన్నట్టు! ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన పిసినారితనం ఇది. జెడ్‌ఎక్స్81కి వచ్చేసరికి 21 చిప్‌లు 4 అయ్యాయి, తెర సమస్యా తీరింది. వెనక తగిలించే 16 కిలోబైట్ల మెమరీ డబ్బా మాత్రం కాస్త కదిలితే చాలు, గంటసేపు టైపు చేసిందంతా పోయేది.

ఈ యంత్రాలు స్విచ్ వేయగానే బేసిక్ ఆజ్ఞ కోసం ఎదురుచూసేవి. ఏదో ఒకటి టైపు చేయనిదే పని జరగదు. తర్వాతి పీసీల్లో బొమ్మ మీద నొక్కితే చాలు. 2000 తర్వాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సుకు దరఖాస్తులు తగ్గడం, చేరేవాళ్లకు ప్రోగ్రామింగ్ అలవాటు లేకపోవడం ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించారు. ఇంటిల్లిపాదీ వాడే పీసీని పిల్లలు కెలుకుతామంటే పెద్దలు ఊరుకుంటారా? అలా 2012 ఫిబ్రవరి 29న రాస్‌బెర్రీ పై వచ్చింది. ధర 35 డాలర్లు. పెట్టె లేదు, కీబోర్డు లేదు, మళ్లీ ఇంట్లో టీవీయే తెర. మోడళ్లకు ఏ, బీ అని పేర్లు పెట్టింది మన గదిలోని బీబీసీ మైక్రోను తలుచుకునే.

మా అమ్మాయి మొదటి బోర్డును ఒక్క సాయంత్రంలో కాల్చేసింది. 3.3 వోల్టులే తట్టుకునే పిన్నుకు 5 వోల్టులిచ్చింది. వారం తిరక్కుండా ఇంకోటి కొన్నాం.