అక్షరాలను బట్టి పదాలను వెతికే విద్య: ఇంగ్లీషు నిఘంటువుల మరో చరిత్ర

ఇంగ్లీషు నిఘంటువు పదం మొదటి అక్షరం తెలిసినవారికే దారి చూపుతుంది. ఆ పదంలో ఏయే అక్షరాలున్నాయో తెలిసి, అవి ఏ వరసలో ఉన్నాయో తెలియనివారికి అంత పెద్ద గ్రంథమూ అక్కరకు రాదు. ఇచ్చిన కొన్ని అక్షరాలతో ఏర్పడే పదాలన్నింటినీ పట్టుకోవడం గొప్ప జ్ఞాపకశక్తి గలవారికే సాధ్యమని చాలామంది భావిస్తారు గాని, ఈ విద్య చరిత్రను పరిశీలిస్తే అది ముందుకు సాగిన ప్రతిసారీ అందుకు కారణం జ్ఞాపకం కాదనీ, పదాలను కొత్త వరసలో పేర్చాలన్న ఆలోచనేననీ స్పష్టమవుతుంది.

అకారాది క్రమం సైతం ఒకప్పుడు పాఠకులకు నేర్పవలసిన సంగతే. ఇంగ్లీషు పదాలకు ఇంగ్లీషులోనే అర్థాలిచ్చిన తొలి నిఘంటువుగా పేరొందిన గ్రంథాన్ని 1604లో ప్రచురించిన రాబర్ట్ కాడ్రీ, వెతికే పదం ‘ఎ’తో మొదలైతే పుస్తకం మొదట్లోనూ, ‘వి’తో మొదలైతే చివరి వైపునా చూడాలని ముందుమాటలో ఓపికగా వివరించవలసి వచ్చింది. అంతకు ముందే, 1570లో, పీటర్ లెవిన్స్ తన ఇంగ్లీషు–లాటిన్ పదకోశంలో పదాలను వాటి తుది ధ్వనులను బట్టి కూర్చాడు. అంటే పదాన్ని ఏ కొస నుంచి పట్టుకోవాలన్న ప్రశ్న ఇంగ్లీషు నిఘంటు రచనతో పాటే పుట్టిందన్నమాట.

ఆ ప్రశ్నకు పద్ధతి ప్రకారం జవాబు చెప్పినవాడు జాన్ వాకర్. నాటకరంగాన్ని విడిచి ఉచ్చారణ బోధకుడిగా స్థిరపడిన ఈయన 1775లో వెలువరించిన నిఘంటువులో పదాలను ముందుగా చివరి అక్షరాన్ని బట్టి, అది సమానమైతే దానికి ముందున్న అక్షరాన్ని బట్టి, అలా వెనక నుంచి ముందుకు వచ్చే క్రమంలో పేర్చాడు. మామూలు నిఘంటువులో వేర్వేరు చోట్ల ఉండే నేషన్, మోషన్, స్టేషన్ వంటి పదాలు ఈ అమరికలో ఒకే చోటికి చేరతాయి. ప్రాస కోసం వెతుక్కునే కవికీ, ఒకే రకం ముగింపు గల పదాల వర్ణక్రమాన్నీ ఉచ్చారణనూ కలిపి నేర్పదలచిన ఉపాధ్యాయుడికీ ఆ గ్రంథం ఏకకాలంలో ఉపయోగపడింది. కొత్త పదమేదీ చేర్చకపోయినా, ఉన్న పదాలనే తిరగేసి పేర్చడం వల్ల అంతవరకు కంటికి ఆనని సంబంధాలు బయటపడ్డాయి. వాకర్ చేసిన ఆ పనికి దక్కవలసినంత గౌరవం దక్కలేదనే చెప్పాలి.

అయితే పదంలోని అక్షరాలను విడదీసి పేర్చడమనే మరో మెట్టు నిఘంటుకర్తల వల్ల గాక, రహస్యాలు దాచుకోదలచిన శాస్త్రవేత్తల వల్ల ఏర్పడింది. పదిహేడో శతాబ్దంలో, ఒక విషయాన్ని కనుగొన్నది తామేనని నిరూపించుకుంటూనే దాన్ని ఇతరులకు అందకుండా ఉంచడానికి, ఆ విషయాన్ని తెలిపే వాక్యంలోని అక్షరాలను చెదరగొట్టి ప్రకటించే ఆచారం ఉండేది. అలా చెదిరిన అక్షరాల కూర్పును అనగ్రామ్ అంటారు. 1676లో రాబర్ట్ హుక్ ప్రకటించిన పద్నాలుగు అక్షరాల వరస ఇది: సి, ఇ, ఐ, ఐ, ఐ, ఎన్, ఓ, ఎస్, ఎస్, ఎస్, టి, టి, యు, వి. సాగుదల ఎంతో బలమూ అంత అని చెప్పే లాటిన్ వాక్యం ‘ఉట్ టెన్సియో, సిక్ విస్’ అందులో దాగి ఉందని ఆయనే 1678లో వెల్లడించాడు. స్ప్రింగులకు సంబంధించిన హుక్ నియమం అదే. ఇక్కడ గమనించదగినది ఆ అక్షరాలు అకారాది క్రమంలో ఉండడం. వాక్యాన్ని దాచడానికి హుక్ వాడుకున్న ఈ అమరికే తరువాతి కాలంలో పదాలను బయటపెట్టడానికి తాళంచెవి అయింది.

ఆ మార్పు ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో, ఒక ఆట వల్ల వచ్చింది. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోగొట్టుకున్న ఆల్ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పి వార్తాపత్రికల పుటలలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం బిళ్ళలు తయారుచేసి రూపొందించిన ఆటకు జేమ్స్ బ్రూనో అనే వ్యక్తి 1948లో స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. నూరు బిళ్ళలలో పన్నెండు ‘ఇ’ అక్షరానివి. బహువచనాలతో ఆట మరీ తేలిక కాకూడదని బట్స్ ‘ఎస్’ బిళ్ళలను నాలుగుకే పరిమితం చేశాడు. ఆటగాడి ముందు ఏడు బిళ్ళలుంటాయి. అవన్నీ వేర్వేరు అక్షరాలైతే వాటిని 5,040 విధాలుగా పేర్చవచ్చు గనుక, ఒక్కొక్కటీ పేర్చి చూడడం మనిషికి అయ్యే పని కాదు. అందుచేత పోటీలకు సిద్ధమయ్యేవారు ప్రతి పదంలోని అక్షరాలనూ అకారాది క్రమంలో రాసుకొని, ఆ రూపాన్ని చూడగానే పదం స్ఫురించేలా సాధన చేయసాగారు; ఈ రూపానికి వారు ఆల్ఫాగ్రామ్ అని పేరు పెట్టుకున్నారు. స్టాప్, పోస్ట్, స్పాట్ అనే మూడు పదాలకూ ఆల్ఫాగ్రామ్ ఒక్కటే: ఓ, పి, ఎస్, టి. చేతికొచ్చిన బిళ్ళలను కూడా అదే క్రమంలో సర్దుకుంటే వెతుకులాట గుర్తుపట్టడంగా మారిపోతుంది.

ఇదే సూత్రాన్ని బెల్ ప్రయోగశాలలకు చెందిన జాన్ బెంట్లీ 1986లో గ్రంథరూపం పొందిన ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’లో కంప్యూటర్ విద్యార్థులకు పాఠంగా మలిచాడు. ఒక చిన్న ప్రోగ్రాము ప్రతి పదం పక్కన దాని అక్షరాల క్రమరూపాన్ని సంతకంలా చేరుస్తుంది, రెండోది సంతకాలను బట్టి జాబితా అంతటినీ సర్దుతుంది, మూడోది ఒకే సంతకం గల పదాలను ఒక వరసలోకి తెస్తుంది. అక్షరాలన్నీ కాక కొన్ని మాత్రమే తెలిసినప్పుడు మరో ఉపాయం ఉంది: ఇంగ్లీషు అక్షరాలకు 26 గళ్ళ వరసను ఊహించుకొని, పదంలో ఉన్న అక్షరం గడిలో 1, లేని అక్షరం గడిలో 0 ఉంచి, అడిగిన అక్షరాలకూ అలాంటి వరసనే తయారుచేస్తే, రెండింటినీ పోల్చి ఆ అక్షరాలున్న పదాలను యంత్రం రెప్పపాటులో ఏరి ఇస్తుంది. అక్షరం ఒకటికి రెండుసార్లు కావలసి వస్తే మాత్రం ఈ లెక్క చాలదు. వాటి సంఖ్యను విడిగా చూసుకోవాలి.

అవధానాలలో నిషిద్ధాక్షరిని విన్న తెలుగువారికి ఈ విద్య పూర్తిగా పరాయిది కాదు. పృచ్ఛకుడు నిషేధించిన అక్షరాన్ని తప్పించి, అర్థానికీ ఛందస్సుకూ ఒదిగే మరో అక్షరాన్ని అవధాని అప్పటికప్పుడు పట్టుకోవాలి. ఒకే అక్షరాలతో కూడిన వేర్వేరు మాటలు తెలుగులోనూ ఉన్నాయి: కలప, పలక అనే మాటలలో ఉన్నవి అవే మూడు అక్షరాలు. అయితే కంప్యూటరు తెలుగు అక్షరాన్ని హల్లుగానూ గుణింతపు గుర్తుగానూ విడదీసి దాచుకుంటుంది గనుక, ఇంగ్లీషు పద్ధతిని ఉన్నదున్నట్టు దించితే గుర్తులు తమ హల్లులను వదిలి చెల్లాచెదురవుతాయి. ముందుగా పదాన్ని అక్షరాలుగా విడదీసి, ఆ తరువాతే క్రమంలో పెట్టాలి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వంటి నిఘంటువులలోని పదసంపదను వాకర్ పద్ధతిలో చివరి అక్షరం నుంచీ, ఆల్ఫాగ్రామ్ పద్ధతిలో అక్షరాల కూర్పును బట్టీ అమర్చి అందరికీ అందుబాటులో ఉంచే పనిని తెలుగు భాషాశాస్త్రజ్ఞులూ కంప్యూటర్ నిపుణులూ కలిసి తలకెత్తుకోవాలి.