అంతర్జాతీయ వ్యాపారంలో ఎంబీఏ

డిగ్రీ తర్వాత రెండేళ్లు చదివే మేనేజ్‌మెంట్ కోర్సు ఇది. అకౌంట్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ మామూలు ఎంబీఏలో ఉన్నట్టే ఇందులోనూ ఉంటాయి. వాటికి తోడు ఎగుమతి దిగుమతుల విధానం, విదేశీ మారకం, ఓడ రవాణా, కస్టమ్స్, దేశాల మధ్య ఒప్పందాలు చదవాలి. ఢిల్లీ, కలకత్తాల్లో దొరికే చదువుగానే కడప జిల్లాలో దీనికి పేరు. కానీ ఇందులో చెప్పే పాఠాలు కొన్ని ఇదే జిల్లాలోని గండికోటలో ఎప్పుడో నడిచాయి.

1650లో గండికోటను గెలిచిన గోల్కొండ వజీరు మీర్ జుమ్లా పర్షియాలో పుట్టినవాడు. వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి, సొంత ఓడలతో సముద్ర వర్తకం చేశాడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఆయన్ను చూడటానికి ఈ కోటకే వచ్చాడు. మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లో, ఎడమ చేతివేళ్ల మధ్య ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతున్నాడని తావెర్నియే రాసుకున్నాడు. తర్వాత మీర్ జుమ్లా ఐదు చిన్న సంచుల వజ్రాలు తెప్పించి, మీ దేశంలో ఇవి అమ్ముడుపోతాయా అని అడిగాడు. తెల్లగా, స్వచ్ఛంగా ఉన్నవే యూరప్‌లో కొంటారు, నలుపు తిరిగిన వాటికి గిరాకీ లేదని జవాబు వచ్చింది. పన్నెండు వేల మందితో ఏడాది తవ్విస్తే దక్కినవి ఈ ఐదు సంచులేనని, అందుకే గనులు మాన్పించి జనాన్ని సేద్యానికి పంపేశానని మీర్ జుమ్లా చెప్పాడు. విదేశీ మార్కెట్ పరిశోధన అనే పేపరుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఈనాటి ఉదాహరణ పులివెందుల అరటి. ఎగుమతికి గెలను పచ్చిగానే కోస్తారు. హస్తాలుగా విడదీసి, జిగురు పోయేదాకా కడిగి, అట్టపెట్టెల్లో సర్ది, పదమూడు పద్నాలుగు డిగ్రీల చల్లదనంలో రీఫర్ కంటైనర్ ఎక్కిస్తారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 కంటైనర్లతో అరటి రైలు ముంబై జేఎన్‌పీటీ రేవుకు వెళ్లింది. తోట నుంచి రేవుదాకా ఎవరి పని ఎక్కడ ముగుస్తుంది, కాయ చెడితే నష్టం ఎవరిదన్నది అంతర్జాతీయ అమ్మకపు నియమాలైన ఇన్‌కోటెర్మ్స్ తేలుస్తాయి. 2020 నాటి నియమావళిలో ఇవి పదకొండు. కొత్తవాళ్లు తడబడేది వాటిలో సీఐఎఫ్ అనే నియమం దగ్గర. ఇందులో ఓడ కిరాయి, బీమా అమ్మినవాడే కడతాడు. కానీ సరుకు మన రేవులో ఓడ ఎక్కిన క్షణం నుంచే నష్టభయం కొన్నవాడిది. కొన్నవాడి బ్యాంకు చెల్లింపుకు హామీగా ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ పాఠం ఇంకా కఠినం. బ్యాంకు చూసేది కాగితాలనే, కాయలను కాదు. ఓడ సరుకు రసీదైన బిల్ ఆఫ్ లేడింగ్‌లో వివరం తేడా వస్తే, పండు ఎంత మేలైనదైనా డబ్బు ఆగిపోవచ్చు.

ఎగుమతి చేయడానికి ఈ డిగ్రీ ఉండి తీరాలని లేదు. పాన్ ఉన్నవారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) నుంచి ఎగుమతి దిగుమతుల కోడ్ (ఐఈసీ) తీసుకుంటే సాధారణంగా చాలు. అయినా కాగితాలు తెలియని రైతు ముంబై ఏజెంటు చెప్పిన ధరకే తల ఊపాల్సి వస్తుంది. ఈ చదువు ముందుగా అందాల్సింది రైతు బిడ్డలకే.

దేశంలో ఈ కోర్సుకు పేరున్నది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్. 1963లో ఢిల్లీలో పెట్టారు, 2002లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. 2022లో కాకినాడలో దాని క్యాంపస్ తెరిచారు. అక్కడ ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది. జమ్మలమడుగులో ఇంటర్ చదివే పిల్లలు గుర్తుపెట్టుకోదగ్గ దారి ఇది. రెండేళ్ల ఎంబీఏకు ఒకప్పుడు సంస్థ సొంత పరీక్ష ఉండేది, 2024 ప్రవేశాల నుంచి క్యాట్ స్కోరు చూస్తున్నారు. రాష్ట్రంలోని మామూలు ఎంబీఏ కాలేజీలకు ఐసెట్ రాయాలి. వాటిలో చాలాచోట్ల అంతర్జాతీయ వ్యాపారం ఒకటి రెండు పేపర్లకే పరిమితం. అలాంటి చోట చదివేవారు ప్రాజెక్టు కోసం పులివెందుల వైపు ఒక ప్యాక్ హౌస్‌ను ఎంచుకుని, ఒక్క కంటైనర్ కాగితాలను కోత నుంచి బ్యాంకు చెల్లింపుదాకా వెంబడిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.